ఒకే కిటికీ ముందు ఏడు సంఘాలు: యానాది కాలనీల కాగితాల కేసు

నెల్లూరు జిల్లాలో సముద్రం వైపు మండలాలు తిరిగినవాళ్లకు యానాదులనే గిరిజనుల ఇళ్లు ఎక్కడుంటాయో చెప్పక్కర్లేదు. ఊరు దాటాక చెరువు కట్ట కిందో, కాలువ గట్టునో, పది ఇళ్లు ఒకచోట, పాతిక ఇళ్లు ఇంకోచోట. 2011 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వీళ్ల జనాభా 5 లక్షలు దాటింది. అంతమంది ఉన్నా ఇలా చెదిరిపోయి ఉండటంతో చాలా పంచాయతీల్లో వీళ్ల ఓట్లు ఎవరి లెక్కలోకీ రావు. నెల్లూరు షెడ్యూల్డ్ ప్రాంతం కాదు కనుక గిరిజనుల భూములు ఇతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం గానీ, గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా గానీ ఇక్కడ వర్తించవు. యానాదుల కోసమే నెల్లూరులో ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పెట్టిన మాట నిజమే. కానీ జనన నమోదు, ఆధార్, రైస్ కార్డు, జాబ్‌కార్డు, ఇంటి స్థలం, ఇవన్నీ తేలేది ఊళ్లో సచివాలయంలో, మండలంలో తహసీల్దారు ఆఫీసులో.

ఆ ఆఫీసుల చుట్టూ ఎవరికి వాళ్లు తిరుగుతున్న ఏడు చిన్న సంఘాలు ఒక పని మీద ఎలా కలిశాయి, ఎక్కడ బెడిసికొట్టింది, ఏది నిలిచింది అన్నది ఈ కేసు. నేను అందులో సమన్వయం చూసినవాణ్ని. నాకు అక్కడ సొంత సంఘం లేదు, సభ్యులు లేరు, ఎన్నికల్లో నిలబడే ఉద్దేశం అంతకన్నా లేదు. ఈ పనికి అదే నా అర్హత అని ఇప్పటికీ అనుకుంటాను. మండలం పేరు, సంఘాల పేర్లు రాయడం లేదు. కొన్ని ఫైళ్లు ఇంకా నడుస్తున్నాయి.

ముడి ఎక్కడ పడింది

కాన్పు ఇంట్లోనో రొయ్యల గుంట దగ్గర కాపలా గుడిసెలోనో అవుతుంది. 21 రోజుల్లో జననం నమోదు చేయిస్తే పైసా ఖర్చు లేదు. ఏడాది దాటితే మాత్రం కథ మారుతుంది. పంచాయతీ నుంచి రికార్డులో పేరు లేదన్న పత్రం తీసుకుని, ఆర్డీవో దగ్గర ఉత్తర్వు తెచ్చుకోవాలి. జనన ధ్రువపత్రం లేక ఆధార్ రాదు. తల్లిదండ్రులకే ఆధార్ లేకపోతే ఐదేళ్లలోపు బిడ్డకు ఇచ్చే బాల ఆధార్ కూడా రాదు. ఆధార్ లేక రైస్ కార్డులో పేరు ఎక్కదు, బ్యాంకు ఖాతా తెరుచుకోదు, జాబ్‌కార్డు ఉన్నా కూలి డబ్బు పడదు. పిల్లవాడు హైస్కూలుకొచ్చేసరికి కుల ధ్రువపత్రం అడుగుతారు, తండ్రి పేరున ఏ కాగితమూ ఉండదు. చదువు అక్కడితో సరి.

చట్టంలో దీనికి దారులు లేకపోలేదు. ఆధార్ చట్టం 7వ సెక్షన్‌లోనే, నంబరు ఇంకా రానివాళ్లకు వేరే గుర్తింపుతో లబ్ధి ఇవ్వాలని ఉంది. ఆధార్ లేదన్న కారణంతో పిల్లలకు ఏ ప్రయోజనమూ ఆపకూడదని 2018 సెప్టెంబరు తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. వయసు రుజువు లేదని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ అంటోంది. అయితే ఈ మూడు మాటలూ ఒకేచోట ఒకే మనిషికి తెలిసి ఉండటం అరుదు. వెట్టి కేసులు చూసే స్వచ్ఛంద సంస్థ వాళ్లకు సుప్రీంకోర్టు తీర్పు తెలుసు, బడి సంగతి తెలియదు. రిటైర్డ్ టీచర్ల బృందానికి 14వ సెక్షన్ కంఠోపాఠం, రైస్ కార్డు సంగతి అడిగితే చేతులెత్తేస్తారు. యానాది సంఘం మండల శాఖకు కాలనీలన్నీ తెలుసు, అర్జీ రాసే ఓపిక ఇద్దరికే ఉంది. దివ్యాంగుల సంఘం వాళ్లు వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ల కోసం ఏళ్ల తరబడి తిరిగి తిరిగి, ఏ ఫైలు ఏ బల్ల మీద ఎన్నాళ్లు పడుకుంటుందో చెప్పగలిగే స్థితికొచ్చారు. వీళ్లు కాక దళిత వ్యవసాయ కూలీల సంఘం, మత్స్యకార మహిళల పొదుపు సంఘాల నుంచి నలుగురైదుగురు, రక్తదానం చేయించే కుర్రాళ్ల బృందం.

అందరూ వెళ్లేది ఒకే కిటికీ దగ్గరికి. ఒకే రకం అర్జీకి ఒకరికి ముందు ఆధార్ తెమ్మనీ, ఇంకొకరికి ముందు జనన పత్రం తెమ్మనీ జవాబు వచ్చేది. ఎవరికి ఏం చెప్పారో మిగతావాళ్లకు తెలియదు. అందుకని ఆ రెండు జవాబులకూ పొంతన లేదని నిలదీసినవాళ్లూ లేరు.

బ్యానర్ గొడవ

మొదటి సమావేశంలో కాగితాల సంగతి సగం మంది మాట్లాడనే లేదు. ఐక్యవేదికకు ఏం పేరు పెట్టాలి, కన్వీనరు ఎవరు, బ్యానర్ మీద ఎవరి ఫోటో పైన ఉండాలి, వీటితోనే పొద్దు గడిచింది. 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేయించాలంటే ఏడుగురు చాలని ఒకాయన లెక్క చెప్పాడు. సరిగ్గా ఏడు సంఘాలున్నాం, ముహూర్తం కుదిరినట్టేనని ఇంకొకాయన ఎగతాళి చేశాడు. కూలీల సంఘం పెద్దాయన చివరిదాకా నోరు మెదపలేదు. లేచేటప్పుడు మాత్రం ఒకే మాట అన్నాడు: "కమిటీ వేస్తే పదవులొస్తాయి, పదవులొస్తే పంచాయితీలొస్తాయి. నాకు పనుంది, పోతున్నా."

ఆ మాట పట్టుకునే నేను వేదిక ప్రతిపాదన పక్కన పెట్టించాను. పేరు లేదు, లెటర్‌హెడ్ లేదు, రిజిస్ట్రేషన్ లేదు. ఒక కాలనీ తీసుకుందాం, ఆ కాలనీలో ప్రతి కుటుంబానికీ ఏ కాగితం ఉంది, ఏది లేదు, తర్వాతి అడుగు ఏమిటి, అది ఎవరు వేస్తారు, ఏ తారీఖులోగా వేస్తారు అని ఒక పుస్తకం రాద్దాం అన్నాను. పుస్తకం అంటే నిజంగా పుస్తకమే, స్టేషనరీ కొట్లో దొరికే పొడుగు రిజిస్టరు. వాట్సాప్ గ్రూపు కావాలని కుర్రాళ్లు పట్టుబట్టారు, పెట్టుకున్నారు. పండగ శుభాకాంక్షలకు, ఎవరో పోతే ఓం శాంతి పెట్టడానికి అది బాగా పనికొచ్చింది. పని మాత్రం రిజిస్టరులోనే నడిచింది, ఎందుకంటే అందులో ఎదురుగా పేరు, తారీఖు ఉంటాయి, తప్పించుకోవడం కష్టం.

దానికి రెండు నియమాలు పెట్టుకున్నాం. అర్జీ మీద సంతకం ఆ కుటుంబానిదే తప్ప ఏ సంఘానిదీ ఉండదు. ఎవరి దగ్గరా ఒరిజినల్ కాగితం గానీ ఆధార్ జిరాక్స్ గానీ ఉండకూడదు, రిజిస్టరులో ఆధార్ నంబరు రాయకూడదు. రెండోది పెట్టడానికి కారణం ఉంది. కార్డులు ఇప్పిస్తామని జిరాక్సులు పట్టుకుపోయిన దళారులు ఆ కాలనీల్లో అప్పటికే తిరిగి ఉన్నారు. మనం కూడా సంచీలో జిరాక్సులు పెట్టుకుని తిరిగితే వాళ్లకూ మనకూ తేడా కనిపించదు.

పేరు చెప్పని కాలనీ

అయినా మొదటి కాలనీలో జనం పేర్లు చెప్పలేదు. ఇంటికి ఎంతమంది అంటే ఒక లెక్క, మళ్లీ అడిగితే ఇంకో లెక్క. ఒక ముసలామె మొహాన్నే అడిగింది: "మా పేర్లు మీ పుస్తకంలోకి ఎక్కించి ఏం జేస్తారబ్బయ్యా? ఎక్కిందాన్ని తీసేదానికి మళ్లా ఎవురు వస్తారు?"

ఇది అమాయకత్వం అనుకుంటే పొరపాటు. బ్రిటిష్ కాలంలో ఈ జిల్లాలో యానాదుల్లో చాలామందిని నేరస్థ తెగల చట్టం కింద రికార్డుకెక్కించారు. కప్పరాళ్లతిప్ప లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు పిలిచారు. ఊరు దాటాలంటే అనుమతి కావాలి. వెన్నెలకంటి రాఘవయ్య లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే 1947లో గానీ మద్రాసు రాష్ట్రంలో, 1952లో గానీ దేశమంతటా ఆ చట్టం పోలేదు. ఆ తర్వాత కూడా ఊళ్లో దొంగతనం జరిగితే ముందు ఎవరి గుడిసె తడుముతారో ఆమె చూసే ఉంటుంది. పుస్తకంలో పేరు ఎక్కితే మంచి జరుగుతుందని ఆమె నమ్మడానికి ఆధారం ఏమీ లేదు.

ఆ అనుమానాన్ని తీర్చింది మేము కాదు, మత్స్యకార ఆడవాళ్లు. రేవులో చేపలు ఎండబెట్టే పనికి ఈ కాలనీ ఆడవాళ్లూ వస్తారు, పక్కపక్కనే కూర్చుంటారు. పొదుపు సంఘం పుస్తకం వాళ్ల చేతుల్లో రోజూ కనిపించేదే. వాళ్లలో ఇద్దరు కాలనీకి వచ్చి, రిజిస్టరు కాలనీలోనే ఉంటుందనీ, మేము వచ్చినప్పుడు తీసి ఇచ్చి పోయేటప్పుడు తీసేసుకోవచ్చనీ ఒప్పందం చేశారు. నాకు తట్టని ఏర్పాటు ఇది. రిజిస్టరు అప్పటినుంచి ఏడో తరగతి చదివిన ఒక కోడలు పిల్ల ట్రంకుపెట్టెలో ఉంటోంది. ఇప్పటికీ ఏ కాలనీ పుస్తకం ఆ కాలనీలోనే.

టీచర్ల దగ్గర దొరికిన దారి

ముందు ఆధారా, ముందు జనన పత్రమా అన్న చిక్కును విప్పింది రిటైర్డ్ టీచర్లు. విద్యాహక్కు నిబంధనల్లో వయసు రుజువుగా జనన పత్రం ఒక్కటే చెల్లుతుందని లేదు. ఊళ్లో తిరిగే ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) రిజిస్టరు, అంగన్‌వాడీ రికార్డు చెల్లుతాయి. అవీ లేకపోతే తల్లిదండ్రుల ప్రకటన చాలు. అంటే బిడ్డను ముందు బడిలో చేర్చవచ్చు. చేర్చాక అడ్మిషన్ రిజిస్టరులో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం పడతాయి. ఆ పేజీ తర్వాత ప్రతి ఆఫీసులోనూ కాగితమే.

పెద్దవాళ్ల విషయంలోనూ ఈ రిజిస్టరే ఆదుకుంది. రెండో తరగతితో మానేసినా సరే, ఒక్క ఏడాది బడికి వెళ్లినవాళ్ల పేరు పాత అడ్మిషన్ రిజిస్టరులో ఉంటుంది. టీచర్లు తమ పాత బళ్ల హెడ్మాస్టర్లను అడిగి బీరువాలు తెరిపించారు. చెదలు తిన్నవి తిన్నాయి. దొరికిన వాటిలో తండ్రి పేరు, కొడుకు పేరు రెండూ ఉన్న కుటుంబాలు కొన్ని బయటపడ్డాయి. ఆ పేజీల నకళ్లతో వాళ్ల ఫైళ్లు కదిలాయి.

ఏఎన్ఎంల దగ్గర తల్లీబిడ్డల రిజిస్టర్లు ఉన్నాయి. కానీ కాపలా పనికి గుంటల వెంట మారే కుటుంబం పేరు ఒక ఏఎన్ఎం దగ్గర గర్భిణిగా నమోదై, కాన్పు ఇంకో సబ్‌సెంటర్ పరిధిలో జరుగుతుంది. ఏ సీజన్లో ఏ కుటుంబం ఎటు పోతుందో చెప్పగలిగింది యానాది సంఘం కుర్రాళ్లే. ఏ రిజిస్టరు అడగాలో వాళ్లు చెప్పారు, ఎలా అడగాలో దివ్యాంగుల సంఘం వాళ్లు చెప్పారు. అడిగిన తేదీ వేసి రసీదు తీసుకోండి, నోటిమాటగా అడగొద్దు, కాదంటే ఎందుకు కాదో రాసిమ్మనండి అని. ఈ మూడో సలహాతోనే సగం కాదనడాలు ఆగిపోయాయి. రాసివ్వమంటే చాలామందికి నిబంధన గుర్తొస్తుంది.

2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగి సూళ్లూరుపేట వైపు తిరుపతి జిల్లాలోకి పోవడంతో ఇంకో తలనొప్పి వచ్చిపడింది. పని అటు, పుట్టిన ఊరు ఇటు ఉన్న కుటుంబాలకు ఏ ఆర్డీవో దగ్గరికి పోవాలో తేల్చడానికే చాలాకాలం పట్టింది. అటువైపు ఉన్న కూలీల సంఘం శాఖ లేకపోతే ఆ ఫైళ్లు అక్కడే ఆగేవి.

చెరువు పోరంబోకు

అసలు పరీక్ష మాత్రం మూడో కాలనీలో ఎదురైంది. చెరువు పక్క జాగాలో యానాదుల గుడిసెలున్నాయి. అదే జాగా ఇళ్ల స్థలాలకు కావాలని దళిత కాలనీవాళ్లు ఎప్పటినుంచో అర్జీలు పెడుతున్నారు. రిజిస్టరులో "ఇంటి స్థలం" అన్న గడి రాయడం మొదలుపెట్టగానే కూలీల సంఘంలో కొందరు ఎదురు తిరిగారు. మన చేత్తోనే మన స్థలం వాళ్ల పేరున రాయిస్తున్నారు అన్నారు. దీని వెనక పాత కసి కూడా ఉంది. నాట్ల కాలంలో మేం కూలి పెంచమని పని ఆపితే, రైతులు అడ్వాన్సు ఇచ్చి పెట్టుకున్న యానాదులను దించుతారు అని. అది అబద్ధం కాదు. అడ్వాన్సు తీసుకున్నవాడికి పనికి రానని చెప్పే స్వేచ్ఛ ఉండదన్నదీ అబద్ధం కాదు.

పేదలంతా ఒక్కటే అని ఉపన్యాసం ఇచ్చి ఇలాంటిది సర్దేయాలని చూసే సమన్వయకర్తలను చూశాను. ఎదుటివాళ్లు తలూపి బయటికొచ్చి తిడతారు. ప్రయోజనాలు నిజంగా ఢీకొంటున్నప్పుడు ఢీకొంటున్నాయని ఒప్పుకుని, జాగా లెక్క ఏమిటో ముందు చూడటం మేలు. కూలీల సంఘం పెద్దాయనకు రెవెన్యూ రికార్డులు చదవడం వచ్చు. ఆయన్నే ఆ సర్వే నంబరు పాత రెవెన్యూ రిజిస్టరు ఆర్.ఎస్.ఆర్.లో ఏమని ఉందో నకలు తెమ్మన్నాం. తెచ్చాడు. చెరువు పోరంబోకు అని ఉంది. నీటి వనరుల భూమి, ఇళ్ల పట్టాలకు ఇచ్చేది కాదు. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెరువులు, ఉమ్మడి భూముల ఆక్రమణల మీద గట్టిగా చెప్పాక అధికారులు అలాంటి ఫైలు ముట్టుకోవడానికే జంకుతారు. అంటే ఇద్దరూ ఎవరికీ దక్కని జాగా కోసం కొట్టుకుంటున్నారు. పైగా వాన ఎక్కువై చెరువు నిండితే ముందు మునిగేది ఆ గుడిసెలే.

పెద్దాయన అదే రికార్డులో ఊరి రెండో వైపు అనాధీనం కింద ఉన్న ఇంకో సర్వే నంబరు పట్టుకున్నాడు. రికార్డులో ప్రభుత్వ భూమి, సాగులో పలుకుబడి ఉన్న ఒక కుటుంబం. ఆ నంబరు కోసం రెండు కాలనీల కుటుంబాలు ఒకే రోజు, ఎవరి అర్జీ వాళ్లు, అధికారులు అర్జీలు తీసుకునే సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చారు. ఉమ్మడి అర్జీ వద్దన్నది యానాది సంఘమే. ఉమ్మడి జాబితా అయితే తమ పేర్లు చివరికి జారతాయని వాళ్ల భయం. దానికి అందరం సరేనన్నాం. కూలీల సంఘంలో ఒక వర్గం మాత్రం ఆ తర్వాత మా సమావేశాలకు రావడం మానేసింది, మళ్లీ రాలేదు.

డబ్బు సంగతి

ఈ ఏడింటిలో విదేశీ విరాళాలు పొందే అనుమతి ఉన్నది ఒక్క స్వచ్ఛంద సంస్థకే. పూర్వం ఇలాంటి సంస్థలు చిన్న సంఘాలకు కొంత మొత్తం బదలాయించి కార్యకర్తల జీతాలు నడిపేవి. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) సవరణ వచ్చాక ఆ సొమ్మును ఇంకే సంస్థకూ బదిలీ చేయకూడదు, పాలనా ఖర్చుల పరిమితి కూడా 50 శాతం నుంచి 20 శాతానికి దిగింది. ఊళ్లలో పనిచేసే చిన్న సంఘాల జీవనాధారం చాలాచోట్ల అక్కడే తెగింది. నెట్‌వర్క్‌ల మీద రాసేవాళ్లు దీన్ని తగినంత పట్టించుకోరని నా ఫిర్యాదు.

మా దగ్గర మాత్రం అది ఒక రకంగా మేలే చేసింది. ఎవరూ ఎవరికీ డబ్బివ్వలేరు కాబట్టి ఎవరూ ఎవరికీ యజమాని కాలేదు. కుర్రాళ్ల ఆటో, టీచర్ల జిరాక్సు ఖర్చు, స్వచ్ఛంద సంస్థ లాయరు, ఎవరిది వాళ్లు పెట్టుకున్నారు. ఆర్డీవో ఆఫీసుకు వెళ్లే రోజు కూలి పోతుంది కదా అన్న ప్రశ్నకు మాత్రం ఈ ఏర్పాటులో జవాబు లేదు. ఒక రోజు కూలి పోవడం అర్జీదారుకు చిన్న సంగతి కాదు, రెండుసార్లు తిప్పితే మూడోసారి రారు. వంతులవారీగా ఒక కాలనీ ఫైళ్లన్నీ ఒకే రోజుకు పెట్టించి తిరుగుళ్లు తగ్గించగలిగాం, అంతవరకే.

గుంట దగ్గర కుటుంబం

రిజిస్టరు రాస్తుండగానే ఒక కుటుంబం ఎదురుగా "కాగితాలు యజమాని దగ్గర" అని పడింది. రేషన్ కార్డు, ఉన్న ఒక్క ఆధార్ కార్డు, రెండూ గుంట యజమాని పట్టుకున్నాడు. అడ్వాన్సు తీరేదాకా ఇవ్వనన్నాడు. కాగితాల పని చేస్తున్నామనుకుంటే అది వెట్టి కేసయింది. 1976 చట్టం ప్రకారం ఆ అప్పు వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడు. లాయరు ఈ ముక్క చెప్పేదాకా యానాది సంఘం కుర్రాళ్లకు కూడా తెలియదు. వాళ్లూ రుజువులు ఏరుకునే పనిలోనే ఉన్నారు. ఆర్డీవో విచారణ జరిగింది, విడుదల పత్రం వచ్చింది. 2021లో మార్చిన పునరావాస పథకం కింద తక్షణ సాయం రూ. 30,000 వరకు ఇవ్వవచ్చు, దానికి కేసులో శిక్ష పడేదాకా ఆగక్కర్లేదు. ఆ డబ్బు పడటానికి మాత్రం బ్యాంకు ఖాతా కావాలి. ఖాతా లేదు. మళ్లీ మొదటి పేజీ.

విడుదల చేయించిన సంస్థకు కేసు అక్కడితో ముగిసినట్టే, వాళ్ల నివేదికలో అది ఒక విజయం. ఆ కుటుంబం ఖాతా తెరిపించి, పిల్లలను బడిలో వేసి, మళ్లీ అడ్వాన్సు దగ్గరికి పోకుండా మధ్యలో ఉపాధి పని చూపించింది టీచర్లు, కూలీల సంఘం. అంతకుముందు ఇదే సంస్థ విడిపించినవాళ్లలో కొందరు తిరిగి గుంటల దగ్గరికే చేరారని కాలనీల్లో అందరికీ తెలుసు. సంఘాలు కలవడం వల్ల ఏం ఒరిగిందని నన్ను అడిగితే ముందు ఈ తేడానే చూపిస్తాను.

ఇప్పుడు ఎక్కడుంది

మొదటి రెండు కాలనీల్లో బడి ఈడు పిల్లల కాగితాలు దాదాపు పూర్తయ్యాయి. పెద్దవాళ్లలో పద్దెనిమిదేళ్లు దాటి తొలిసారి ఆధార్‌కు వెళ్తున్నవాళ్ల దరఖాస్తులు రెవెన్యూ తనిఖీ దగ్గర ఆగి ఉన్నాయి, వాటిమీద తేదీ వేసిన రసీదులున్నాయి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీకి జనన పత్రం ఒక్కటే రుజువు కాబట్టి పాత అడ్మిషన్ రిజిస్టరు దారి వాళ్లకు పనిచేయదు. అందుకని ఇప్పుడు మత్స్యకార ఆడవాళ్లు, ఆశా కార్యకర్తలు కలిసి కాలనీల్లో గర్భిణుల పేర్లు రాస్తున్నారు, కాన్పయిన 21 రోజుల్లో నమోదు చేయించడానికి. అనాధీనం భూమి సర్వేకు తేదీ ఇచ్చారు, రెండుసార్లు వాయిదా పడింది. సాగు చేసుకుంటున్న కుటుంబం కోర్టుకు వెళ్తుందని ఊళ్లో అనుకుంటున్నారు. వెళ్తే ఆ కేసులో ఎవరి పేరున కక్షిదారుగా చేరాలన్న (ఇంప్లీడ్) దాని మీద రెండు కాలనీల మధ్య ఇంకా మాట తెగలేదు. వచ్చే సమావేశం దాని గురించే, ఈసారి దళిత కాలనీలో.